గండిపేట పక్కన కాదు, మెట్రో పక్కన కట్టనివ్వండి

పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐకి, అంటే స్థలాన్ని బట్టి మొత్తం ఎంత విస్తీర్ణం కట్టొచ్చనే లెక్కకు, పరిమితి లేదు. ఎదుటి రోడ్డు వెడల్పును బట్టే భవనం ఎత్తు. కోకాపేటలో టవర్లు లేచాయి, మెట్రో లేదు. మెట్రో ఉన్న మా ఉప్పల్ గల్లీలు ఇరుకు, ఇళ్లు పెరగవు. అద్దె కట్టలేక మా తమ్ముడు ఘట్‌కేసర్ వెళ్లిపోయాడు, ఉద్యోగమేమో రాయదుర్గంలో. పిల్లలు నిద్రపోయాకే ఇల్లు చేరుతున్నాడు.

ఇళ్లు కావాలి, నిజమే. దానికోసం గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ కట్టడాలను కట్టడి చేసే 111 జీవోను తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోలేను. 1908 మూసీ వరద తర్వాత కట్టుకున్న జంట జలాశయాలవి. వాటి కోసమే 1996లో 84 గ్రామాలకు హద్దు గీశారు.

స్టేషన్ల చుట్టూ వీధులు వెడల్పు చేయండి, ముందు డ్రైనేజీ వేయండి, చిన్న ఫ్లాట్లకు అనుమతివ్వండి. మా తమ్ముణ్ని మళ్లీ ఉప్పల్ రానివ్వండి.

ఇట్లు,
ఉప్పల్ వాసి