పిల్లల కాళ్లకు ఫొటోలు తీశారు సరే, తర్వాత చూసేదెవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. బడి పిల్లల కాళ్ల వంకరను ఫోన్ కెమెరా క్షణాల్లో కనిపెడుతుందని పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ఆ రోజే రాయాల్సింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను గానీ తగ్గలేదు. చాలా ఏళ్లుగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. పిల్లల నడక, పరుగు, నిలబడే తీరు రోజూ చూసేవాణ్ని కాబట్టి ఈ విషయంలో ఊరుకోలేకపోతున్నాను.

ఆ పరికరం మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. ఫొటోలో తుంటి, మోకాలు, చీలమండ ఎక్కడున్నాయో కంప్యూటర్ గుర్తించి చుక్కలు పెడుతుంది, వాటిని గీతలతో కలిపి కోణం లెక్కగడుతుంది. మనుషుల కీళ్లను ఇలా గుర్తించే ఓపెన్‌పోజ్ లాంటి ప్రోగ్రాములు 2017 నాటికే వచ్చాయి, ఇప్పుడు మామూలు ఫోన్‌లోనూ ఆ పని జరిగిపోతోంది. ఒక్క పీరియడ్‌లో క్లాసు మొత్తాన్ని చూసెయ్యొచ్చు. నలభై మంది తర్వాత నా కళ్లు అలసిపోతాయి, దానికి ఆ బాధ లేదు. ఇలాంటిది బడుల్లోకి రావాల్సిందే.

కానీ పిల్ల ఎలా నిలబడిందన్న సంగతి మీ వార్తలో ఒక్క ముక్క లేదు. నాక్ నీస్, అంటే మోకాళ్లు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకే లోపం ఉన్న పిల్లను పాదాలు దగ్గర పెట్టి నిలబడమంటే ఏం చేస్తుందో ఏ డ్రిల్లు మాస్టారినైనా అడగండి. ఒక మోకాలిని మెల్లగా రెండోదాని వెనక్కి జరుపుతుంది, చీలమండలు చక్కగా కలుస్తాయి. ఎదురుగా చూస్తే కాళ్లు తిన్నగానే ఉన్నట్టుంటాయి. పక్కకెళ్లి చూస్తేనే తెలుస్తుంది. పాదం కొంచెం తిరిగినా, మోకాలి చిప్ప ముందుకు చూడకపోయినా మామూలు కాలు బయటికి వంగిన దొడ్డికాలులా కనబడుతుంది. వదులు ప్యాంటు ఉంటే కంప్యూటర్ మోకాలు ఎక్కడుందో ఊహించుకోవాల్సిందే. పైగా అది చూసేది బయటి ఆకారాన్ని. ఎముక ఎలా ఉందో తేలాలంటే నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా తీసే ఎక్స్-రే కావాలి. అలాంటప్పుడు మీరు దీన్ని ‘వ్యాధి నిర్ధారణ’ అని ఎలా రాశారు? ఇది వడపోత మాత్రమే.

వయసు సంగతీ వదిలేశారు. చంటిపిల్లలకు కాళ్లు బయటికి వంగి ఉంటాయి, రెండేళ్లకు తిన్నబడతాయి. మూడు నాలుగేళ్లప్పుడు మోకాళ్లు లోపలికి వస్తాయి, ఏడెనిమిదేళ్లకల్లా సర్దుకుంటాయి. ఇదంతా మామూలే. ఆ తర్వాత కూడా మోకాళ్లు తాకించి నిలబెడితే చీలమండల మధ్య 8 సెంటీమీటర్లకు మించి ఎడం ఉందంటే ఎముకల డాక్టరుకు చూపించాలి. పన్నెండేళ్ల పిల్లకు ‘పెద్దయితే అదే పోతుంది’ అని చెప్పడం అన్యాయం. ఎముక ఇంకా పెరుగుతుండగానే మోకాలి దగ్గర చిన్న ప్లేటు, స్క్రూలు వేసి ఆ పెరుగుదలతోనే కాలిని తిన్నగా చెయ్యొచ్చు. సుమారుగా ఆడపిల్లలకు పద్నాలుగు, మగపిల్లలకు పదహారేళ్లకు ఆ అవకాశం పోతుంది. ఆపైన ఎముక కోసి సరిచేసే పెద్ద ఆపరేషనే. ఫొటో తీసి ఆ ఫైలును ఏడాది పాటు ఎవరూ తెరవకపోతే ఆ పిల్లకు పోయిన ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు?

నేను పనిచేసే చోట జరిగింది అదే. ఒక బృందం వచ్చింది, యూనిఫాం ప్యాంట్ల మీదే ఫొటోలు తీసింది, వెళ్లిపోయింది. కొంతమంది పిల్లల చేతికి ‘తేడా ఉంది’ అని రాసిన చీటీలు మాత్రం వచ్చాయి. ఎంత తేడా, ఎవరికి చూపించాలి, ఎప్పటిలోగా అన్నది లేదు. తల్లులు టెన్షన్‌తో నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. నేనేం చెప్పను?

వెయ్యి మంది పిల్లల్లో ఇరవై మందికి నిజంగా లోపం ఉందనుకుందాం. పరికరం నూటికి తొంభై సార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. ఆ ఇరవై మందిలో పద్దెనిమిది మంది దొరుకుతారు. మిగతా 980 మందిలో 98 మందికి ఏమీ లేకపోయినా చీటీ వస్తుంది. ఆ 98 ఇళ్లలో భయం తీర్చేదెవరు? అమెరికాలో వెన్ను వంకర కోసం బడి పిల్లలను దశాబ్దాలుగా పరీక్షించారు. అక్కడి ప్రభుత్వం ఏర్పాటు చేసిన నిపుణుల బృందం 2004లో వద్దంది, 2018లో మళ్లీ పరిశీలించి అవునో కాదో చెప్పడానికి ఆధారాలు చాలవంది. పట్టుకున్న లోపానికి చికిత్స, దానికి వసతులు ఉంటేనే ఇలాంటి పరీక్షలు పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురణ 1968లోనే చెప్పింది. మన అధికారులకు ఇవేమీ పట్టవు. ప్రారంభోత్సవం, గ్రూపు ఫొటో, మరుసటి రోజు పేపర్లో వార్త. అంతటితో పని అయిపోయిందనుకుంటారు.

అసలు బడుల్లో ఎత్తు, బరువు రిజిస్టర్లు ఎలా నింపుతున్నారో ఎప్పుడైనా తనిఖీ చేశారా? పోయిన ఏడాది అంకెకు కొంత కలిపి రాసేస్తారు. ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేస్తారు, పిల్లల ఒంటికి ఎండ తగలదు. విటమిన్ డి, కాల్షియం తక్కువైతే ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు వస్తుందని, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైనా కాళ్లు వంకరపోతాయని అధికారులకు తెలియదా? ఆ నీళ్లు పరీక్షించేవాళ్లు లేరు, బడిలో ఒక కొలత టేపు కొనేవాళ్లు లేరు.

ఇంకో సంగతి. ఎదిగే వయసు ఆడపిల్లల కాళ్ల ఫొటోలు ఎవరి ఫోన్లలో ఉన్నాయి? తల్లిదండ్రుల సంతకం తీసుకున్నారా? ముఖం చెరిపేసి కోణం ఒక్కటి దాచుకుంటే సరిపోయేదానికి మొత్తం ఫొటో ఎందుకు ఉంచాలి?

ఆ చీటీలు అందుకున్న పిల్లలను ఏ ఆసుపత్రిలో, ఏ తేదీన, ఎవరు చూస్తారో అధికారులు ప్రకటించాలి. మీరు కూడా ఆ వార్త రాసిన విలేకరినే మళ్లీ పంపి, వాళ్లలో ఎంతమందికి ఎక్స్-రే తీశారో కనుక్కుని ప్రచురించండి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు