అది సుత్తి పని కాదు, పోత పని

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో ఇంగ్లండులోని విక్టోరియా కాలపు ఇళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ ఫైర్‌ప్లేస్ చుట్టూ ఉన్న ఇనుప పూలను 'కమ్మరి సుత్తి చేసిన అద్భుతం' అని రాశారు. 34 ఏళ్లు ఫౌండ్రీలో, అంటే ఇనుము కరిగించి పోత పోసే కార్ఖానాలో, ఇసుకతో అచ్చులు తీసే మోల్డర్‌గా మోకాళ్లూని పనిచేసినవాణ్ని, ఆ మాట దగ్గర ఆగిపోయాను. కమ్మరి మీద నాకేమీ కోపం లేదు. కాకపోతే ఆ పూలు ఆయనవి కావు. అవి పోత ఇనుము, అంటే కరిగించి అచ్చులో పోసినది; సుత్తి దెబ్బకు వంగదు, పగులుతుంది.

కిందటి చలికాలం ఇంగ్లండులోని లెస్టర్‌లో మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నాను. ముందు గదిలో ఫైర్‌ప్లేస్ మీద తెల్ల రంగు పొరలు పొరలుగా పేరుకుని ఉంది. పాత రంగుల్లో సీసం ఉంటుందని అల్లుణ్ని పొడిగా గీకనివ్వలేదు, మందు పూసి మెత్తబరిచి తీశాం. అడుగు నుంచి పొద్దుతిరుగుడు పూలు బయటపడ్డాయి. రేకుల అంచులన్నీ కొద్దిగా వాలుగా ఉన్నాయి. ఏ రేకు కిందా వేలి గోరు దూరే సందు లేదు. ఉంటే, అచ్చు కోసం ఇసుకలో అదిమిన నమూనా పువ్వు పైకి రాదు, అచ్చు చెడుతుంది. పనివాడి చేతికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఒక పనితనం గల వడ్రంగి పువ్వును చెక్క మీద ఒక్కసారి చెక్కుతాడు. దాన్నిబట్టి లోహంతో నమూనా చేసుకుంటారు. ఆ నమూనాను తడి ఇసుకలో అదిమి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇలా ఒకే పువ్వు వందల ఇళ్లకు చేరుతుంది. మామూలు ఉద్యోగి ఇంట్లోకీ అంత నగిషీ వచ్చిందంటే అందుకే.

గోడలోంచి చట్రం ఊడదీసినప్పుడు వెనక వైపు చూశాను. ముందు ఎంత నునుపో వెనక అంత గరుకు. ఒక మూల డైమండ్ ఆకారపు ముద్ర ఉంది. 1842 నుంచి 1883 దాకా రిజిస్టర్ చేయించుకున్న డిజైన్లకు అక్కడ ఈ ముద్ర వేసేవారు. పైన సున్నాలో రోమన్ అంకె ఒకటి (I) ఉంటే లోహపు సరుకని అర్థం. కుడి మూల 'జె' అక్షరం 1880కి గుర్తు. అది డిజైన్ నమోదైన ఏడు, పోత పోసిన ఏడు కాదు. పొగగొట్టం నోటి దగ్గర గాలిని అదుపు చేసే ఇనుప రేకు ఇప్పటికీ ఒక్క వేలితో తెరుచుకుంటోంది.

డిజైనర్ల పేర్లు కొన్ని నిలిచాయి. ఇంగ్లండులోని నార్విచ్ ఊరి ఫౌండ్రీ ఒకదానికి జపాన్ తరహా చట్రాలు గీసిన థామస్ జెకిల్ పేరు పుస్తకాల్లో ఉంది. ఇసుక తొక్కినవాడి పేరు ఎక్కడుంటుంది?

వ్యాసకర్త మాట పూర్తిగా తప్పని అనను. బొగ్గు కదిపే ఊచ, పటకారు కమ్మరి చేసినవే అయి ఉండవచ్చు.

ఇంకొకటి. ఎడమ వైపు మూడో పువ్వులో ఒక రేకు మీద చిన్న గడ్డ ఉంది. నమూనా పైకి తీసేటప్పుడు అక్కడ ఇసుక రాలింది. మా ఫోర్‌మన్ అయితే దాన్ని అప్పుడే పగలగొట్టించి మళ్లీ కొలిమిలో వేయించేవాడు. వాళ్లు నల్లరంగు పూసి అమ్మేశారు.

- ఒక విశ్రాంత మోల్డర్, విశాఖపట్నం