మేడ మీద ఒక్క ఏరియల్‌కు చోటు లేదా?

సంపాదకులు గారికి,

నమస్కారం. విజయనగరంలో ఎఫ్ఎం సరిగ్గా రాదని, వచ్చినా గరగర తప్ప పాట వినపడదని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే అన్నాను. తప్పు స్టేషన్లది కాదని, మేడ మీద ఏరియల్ (యాంటెన్నా) పెట్టుకోవడం మనమే మానేశామని ఈ మధ్యనే తెలిసింది. తెలిసిన నెలన్నరకు నా ఏరియల్‌ను మా అసోసియేషన్ వాళ్లు పీకించేశారు. ఇది నా ఒక్కడి గొడవే అయితే మీ పేపర్లో చోటు అడిగేవాణ్ని కాదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మా అమ్మాయి కొత్త స్టీరియో రిసీవర్ కొనిచ్చింది. బ్లూటూత్ ఉంది, పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు, రిమోట్ ఉంది. రేడియోకు మాత్రం పెట్టెలో సన్నటి వైరు ముక్క ఒకటి ఇచ్చారు. అదే యాంటెన్నా అట. గోడకు మేకు కొట్టి వేలాడదీశాం. విశాఖ నుంచి వచ్చే 92.7, 93.5, 98.3 స్టేషన్లు పట్టుకుంది గానీ, వాన కురుస్తున్నట్టు వెనక ఒకటే చప్పుడు. మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే ధ్వని వచ్చేలా పెడితే కొంచెం నయం. స్టీరియో అనగానే మళ్లీ వాన. స్టీరియోలో రెండు చానళ్లు విడదీసి వినిపించాలంటే సిగ్నల్ చాలా గట్టిగా ఉండాలి. మోనోకు సరిపోయే సిగ్నల్ దానికి చాలదు. అందుకే జేబు రేడియోలో బాగానే ఉన్న స్టేషను, వేలు పోసి కొన్న రిసీవర్‌లో గరగరమంటుంది. జనం రిసీవర్‌ను తిట్టుకుంటారు.

రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి వైర్లంటే భయం లేదు. రిసీవర్ వెనక్కి తిప్పి చూశాను. మా పాత సెట్టుకు చదును రిబ్బన్ వైరు బిగించడానికి రెండు మరలు ఉండేవి, అది 300 ఓమ్‌ల లెక్క (యాంటెన్నాకూ, వైరుకూ, సెట్టుకూ ఈ అంకె కలవాలి). దీనికి ఒక్కటే గుండ్రటి సాకెట్టు, పక్కన 75 ఓమ్‌లు అని రాసి ఉంది. అంటే డిష్ వాళ్లు వాడే నల్ల కేబులే దీనికీ సరిపోతుంది. అటక మీద ఎప్పటిదో మడత డైపోల్, అంటే గొట్టాన్ని రెండు చివరలా మడిచి చేసిన ఏరియల్ ఒకటి ఉంది. మడత డైపోల్ 300 ఓమ్‌లు, కేబుల్ 75. రెంటికీ మధ్య బాలున్ అనే బొటనవేలంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. పాత టీవీల వెనక యాంటెన్నా వైరుకు తగిలించి ఉండేదే అది. మా ఇంట్లో ఏదీ పారెయ్యరు కాబట్టి స్క్రూల డబ్బాలో దొరికింది.

డైపోల్ పొడవు మాత్రం సరిచెయ్యాల్సి వచ్చింది. 98 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు సుమారు 3 మీటర్లు. అందులో సగం, అంటే మీటరున్నరకు కాస్త తక్కువగా ఉండాలి. అల్యూమినియం గొట్టం కోయించి, పైన పైపుకు బిగించి, విశాఖ వైపు, అంటే నైరుతికి తిప్పాను. డైపోల్ తన చివరల వైపు నుంచి వచ్చేదాన్ని సరిగ్గా వినదు, దాని వెడల్పు స్టేషను వైపు ఉండాలి. కింద హాల్లో మా ఆవిడ ఫోన్ పట్టుకుని "వచ్చింది... పోయింది... ఆఁ, అక్కడే ఉంచండి" అంటుంటే నాకు దూరదర్శన్ రోజులు గుర్తొచ్చాయి.

అయినా మొదటిరోజు ఏదీ నిలకడగా రాలేదు. గోడ మేకుకున్న వైరు ముక్కే దీనికంటే నయం అనిపించింది. కేబుల్ చివర చాకుతో చెక్కి ప్లగ్గు బిగించింది నేనే. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, కేబుల్ పైపొరలోని జాలీలోంచి వెంట్రుకంత రాగి పోగు ఒకటి తప్పించుకుని మధ్య తీగను తాకుతోంది. మేడ నుంచి వచ్చిన సిగ్నల్ అంతా అక్కడే షార్టయి చచ్చిపోతోంది. ఆ పోగు కత్తిరించి మళ్లీ పెట్టాను. రిసీవర్ మీద స్టీరియో దీపం వెలిగింది. ఆకాశవాణిలో వయొలిన్ కచేరీ వస్తోంది. 1919లో మహారాజా సంగీత కళాశాల పుట్టిన ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఊరు. ఇక్కడ వయొలిన్‌ను గరగర లేకుండా వినడానికి ఇంత తంటా పడాల్సి వచ్చింది.

నెలన్నర హాయిగా విన్నాం. ఒకరోజు సాయంత్రం దీపం ఆరిపోయింది. పైకి వెళ్తే ఏరియల్ లేదు, కేబుల్ పిట్టగోడ దగ్గర తెగ్గోసి ఉంది. వాచ్‌మన్‌ను అడిగితే "నాకేటి తెలుసు బాబూ, తీసీమన్నారు, తీసీసాను" అన్నాడు. గొట్టాలు పాత ఇనుము బండికి వెళ్లిపోయాయి.

అసోసియేషన్ మీటింగులో చెప్పిన కారణాలు మూడు. చూడ్డానికి బాలేదు, రేడియేషన్ వస్తుంది, పిడుగు పడుతుంది. ఒకాయన "మేడ మీద సిరిమాను నిలబెట్టారేంటి అంకుల్" అని నవ్వాడు కూడా. బాలేదు అన్న మేడ మీదే పదకొండు డిష్‌లు ఉన్నాయి, ఇంటర్నెట్ వైర్లు జడలు జడలుగా వేలాడుతున్నాయి. రేడియేషన్ మాట వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సెల్ టవర్ పంపుతుంది, నా ఏరియల్ గాలిలో ఉన్నదాన్ని అందుకుంటుంది. చెవి పెట్టి వినేవాడు అరిచినట్టా? నైరుతి మూల ఎత్తుగా ఉండటం వాస్తుకు కూడా మంచిదేనని చెప్పి చూశాను. అదీ పనిచెయ్యలేదు.

పిడుగు సంగతి మాత్రం కొట్టిపారేయను. వేసవి చివర మన జిల్లాలో పడే పిడుగులు అందరికీ తెలుసు. పైపుకు మందమైన తీగతో భవనం ఎర్త్ కలపాలి, ఉరుములు మొదలు కాకముందే రిసీవర్ నుంచి కేబుల్ పీకి పక్కన పెట్టాలి. స్లాబు లీకవుతుందన్న భయమూ న్యాయమైనదే. స్లాబుకు చిల్లి పెట్టకుండా పిట్టగోడకు క్లాంపు వేస్తే సరిపోతుంది. ఇవి షరతులుగా పెట్టి ఉంటే సంతోషంగా ఒప్పుకునేవాణ్ని.

"ఇంకా రేడియో ఏంటండీ, ఫోన్‌లో యాప్ ఉంది, డీడీ ఫ్రీ డిష్‌లో ఆకాశవాణి వస్తుంది" అని కుర్రాళ్లు అంటారు. నిజమే. అయితే డిష్‌లో పాట వినాలంటే టీవీ వెలిగి ఉండాలి, యాప్‌కు నెట్ కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, డిష్‌లు తలకిందులయ్యాయి. ఆ రాత్రుళ్లు బ్యాటరీ రేడియో తిప్పుకుంటూ, దూరపు స్టేషను ఏదైనా దొరుకుతుందా అని కూర్చున్నవాళ్లం మేం. అంతటి గాలికి నా ఏరియల్ కూడా నిలిచి ఉండేది కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ గాలి తగ్గాక మళ్లీ నిలబెట్టడానికి రెండు గొట్టాలు, ఒక క్లాంపు చాలు.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం చానళ్ల వేలానికి ఆమోదం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ జాబితాలో ఉన్న 22 ఊళ్లలో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. ఊళ్లో స్టేషను పెడితే అది వైరు ముక్క మీదే రావచ్చు. విశాఖ స్టేషన్లు మాత్రం అప్పుడూ దూరమే, మధ్యలో కొండలు ఎలాగూ కదలవు. ఎఫ్ఎం అలలు దాదాపు చూపు మేరే ప్రయాణిస్తాయి. 4 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు రేడియో దిగంతం 8 కిలోమీటర్ల పైచిలుకు, 16 మీటర్లకు ఎక్కిస్తే పదహారున్నర. అవతల స్టేషను టవర్ ఎత్తును బట్టి వచ్చే దూరం దీనికి తోడవుతుంది. ఇంట్లోనేమో చుట్టూ ఇనుప చువ్వల కాంక్రీటు, పైగా చవక ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు చేసే రొద. మా హాల్లో ఒక బల్బు ఆర్పితే ఒక స్టేషను బాగుపడుతుంది. నమ్మనివాళ్లు వాళ్ల ఇంట్లో ఆర్పి చూడొచ్చు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఊరు పెరుగుతోంది, ఎటు చూసినా కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. కరెంటుకు, ఇంటర్నెట్‌కు గోడల్లో పైపులు వేస్తున్నారు. ప్లాను ఇచ్చేటప్పుడే మేడ నుంచి ప్రతి ఫ్లాటు హాలుకు ఏరియల్ కేబుల్ కోసం మరో పైపు వదలమని మున్సిపల్ కార్పొరేషన్ బిల్డర్లకు చెప్పాలి. కట్టేటప్పుడు అది చిల్లర ఖర్చు, కట్టాక గోడ తవ్వాలి. కట్టేసిన భవనాల్లో అసోసియేషన్లు ఎర్త్ చేసిన పైపు ఒకటి నిలబెట్టి, ఒకే మంచి యాంటెన్నా నుంచి కావలసినవాళ్లందరికీ పంచొచ్చు. ఒక మాట, ఇద్దరికి పంచితే సిగ్నల్ సగమవుతుంది, పది మందికైతే మధ్యలో యాంప్లిఫయర్ పెట్టాలి. కేబుల్ టీవీ కుర్రాళ్లకు ఇది రోజూ చేసే పనే.

ఇంకొకటి. స్టేషన్ల వాళ్లు యాంటెన్నాను పడుకోబెట్టాలో నిలబెట్టాలో, ఏ దిక్కుకు తిప్పాలో వారానికోసారి తమ ప్రసారంలోనే చెబితే సగం మంది ఇబ్బంది తీరుతుంది. రేడియో గురించి రేడియోలో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటాను.

మా మీటింగులో నా అర్జీ "వచ్చే నెల చూద్దాం" దగ్గర ఆగింది. ప్రస్తుతానికి కొత్త డైపోల్ బాల్కనీలో బట్టల దండెం పక్కన కట్టి ఉంది. మా ఆవిడ తడి బట్టలు ఆరేస్తే స్టీరియో దీపం ఆరిపోతుంది, అవి ఆరాక మళ్లీ వెలుగుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
విజయనగరం