రివాల్వర్ బుల్లెట్టుకు పిస్టల్ తూటాలో చోటెంత?

సంపాదకుల వారికి,

అయ్యా,

తూటాలు సొంతంగా నింపుకునే షూటింగ్ పోటీదారుల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. సీసం కరిగించి అచ్చులో బుల్లెట్లు పోసే పద్ధతిని రచయిత చక్కగా వివరించారు. అయితే చివరలో, .38 రివాల్వర్ కోసం పోసుకున్న బుల్లెట్లనే 9 ఎం.ఎం. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ తూటాలలోనూ వాడుకోవచ్చని, రెండింటి వ్యాసంలో, అంటే అడ్డంగా కొలిచే లావులో, తేడా వెంట్రుకవాసి మాత్రమేనని రాశారు. ఆ రచనలో ఈ లావు కొలత ఒక్కటే చర్చకు వచ్చింది. పొడవు, ఆకారం, లోపల పట్టే చోటు రాలేదు. చట్టం అనుమతించిన చోట, లైసెన్సుతో, ఏళ్ల తరబడి ఈ పని చేసినవాడిగా ఆ లోటు పూరించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో తూటా అంటే కేసు (ఇత్తడి గొట్టం), ప్రైమర్ (మందుకు నిప్పంటించే చిన్న బిళ్ల), మందు, బుల్లెట్ కలిసిన మొత్తమనీ, బుల్లెట్ అంటే బ్యారెల్ నుంచి బయటికి పోయే ముక్క మాత్రమేననీ పాఠకులు గమనించాలి.

లావు సంగతిలో రచయిత చెప్పినది నిజమే. .38 స్పెషల్, .357 మాగ్నమ్ రివాల్వర్లకు పోత బుల్లెట్లను సాధారణంగా 0.358 అంగుళాలకు సైజు చేస్తారు, 9 ఎం.ఎం.కు రాగి తొడుగు ఉన్న బుల్లెట్ 0.355, పోత బుల్లెట్ మామూలుగా 0.356 ఉంటుంది. పిస్టల్ బ్యారెళ్లు అన్నీ ఒకే కొలతలో ఉండవు కాబట్టి ఈ రెండు మూడు వెయ్యో వంతుల లావు చాలాసార్లు మేలే చేస్తుంది. బుల్లెట్ సన్నగా ఉంటే వేడి వాయువులు దాని పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కోసేస్తాయి, ఆ సీసమంతా బ్యారెల్ లోపలి మెలి గాడుల్లో, అంటే రైఫ్లింగ్‌లో, పేరుకుంటుంది. సీసం మరీ మెత్తనైందని వాపోయే చాలామంది విషయంలో అసలు దోషం బుల్లెట్ సన్నదనమే. నూటికి తొంభై పాళ్లు సీసం, ఐదు తగరం, ఐదు ఆంటిమొనీ కలిపిన లైమన్ నంబర్ 2 మిశ్రమం గట్టిదనాన్ని చెప్పే బ్రినెల్ కొలతలో సుమారు 15 ఉంటుంది. ఈ పనికి ఆ గట్టిదనం చాలు. మెత్తని సీసపు ముక్కను బ్యారెల్ గుండా తోసి, అవతల బయటపడ్డాక దాన్ని కొలిస్తే, మన పిస్టల్‌కు ఎంత లావు బుల్లెట్ కావాలో తెలిసిపోతుంది.

చిక్కు మొదలయ్యేది ఆకారంలో. రివాల్వర్ పోత బుల్లెట్లలో ఎక్కువ ప్రచారంలో ఉన్నది అమెరికా తుపాకుల రచయిత ఎల్మర్ కీత్ పేరుతో ముడిపడిన సెమీ వాడ్‌కట్టర్. దాని ముక్కు బల్లపరుపుగా కోసినట్టుంటుంది. ముక్కు కింద మెట్టులాంటి భుజం, భుజం కింద పూర్తి లావున్న పట్టీ, ఆ పట్టీ కిందనే కేసు నోటిని లోపలికి మడవడానికి క్రింప్ గాడి ఉంటాయి. ఆ గాడి దగ్గర బిగిస్తే పట్టీ మొత్తం కేసు బయటే నిలబడుతుంది. రివాల్వర్‌లో దానికి ఇబ్బంది లేదు, సిలిండర్ ముందు భాగంలో అది కూర్చోవడానికి నున్నటి చోటుంది. 9 ఎం.ఎం. పిస్టల్‌లో కేసు నోరు ఆగిన చోటు దాటగానే రైఫ్లింగ్ మొదలవుతుంది, పట్టీకి అక్కడ చోటు ఉండదు.

ఒక లెక్క చూద్దాం. బుల్లెట్ పొడవు 0.700 అంగుళాలు, ముక్కు కొన నుంచి క్రింప్ గాడి వరకు 0.395 అనుకుందాం. 9 ఎం.ఎం. కేసు పొడవు 0.754. గాడి దగ్గర బిగిస్తే తూటా మొత్తం పొడవు 1.149 వస్తుంది, గరిష్ఠ పరిమితి 1.169 కాబట్టి కాలిపర్స్ పెట్టి చూసినవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మొదటిసారి నేనూ అలాగే మోసపోయాను. పిస్టల్ పైభాగంలో ముందుకూ వెనక్కీ కదిలే స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా గోరంత దూరంలో ఆగిపోయింది. తూటా మురికిగా ఉందేమోనని స్లైడ్ వెనక అరచేత్తో ఒక్క పోటు పొడిచాను. ఆ పోటుతో పట్టీ రైఫ్లింగ్‌లోకి దిగబడింది. స్లైడ్ వెనక్కి లాగితే కేసు ఒక్కటే బయటికొచ్చింది, మందంతా మ్యాగజైన్ మీద ఒలికిపోయింది, బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయింది. ఏమరుపాటున దాని వెనక ఇంకో తూటా పెట్టి పేల్చి ఉంటే ఏమయ్యేదో చెప్పనవసరం లేదు. బ్యారెల్ విడదీసి, దాని వెనక భాగంలో తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్‌లోకి తూటాను వదిలితే దానంతటదే టప్పున కూర్చుని, తలకిందులు చేస్తే దానంతటదే జారి పడాలన్న పరీక్షను ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా మానలేదు.

ఇప్పుడు ఎవరైనా చేసే పని బుల్లెట్‌ను ఇంకా లోపలికి నొక్కడం. భుజం దాదాపు కేసు నోటితో సమానమయ్యేదాకా నొక్కితే పై లెక్కలో మొత్తం పొడవు 1.064కు దిగుతుంది, తూటా హాయిగా ఛాంబర్‌లో కూర్చుంటుంది. కానీ కేసు లోపల ఇప్పుడు 0.390 అంగుళాల సీసం ఉంది. 0.600 పొడవున్న తొడుగు బుల్లెట్‌ను 1.150 దగ్గర బిగిస్తే లోపల ఉండేది 0.204 మాత్రమే. కేసు పొడవుకు బుల్లెట్ పొడవు కలిపి, అందులోంచి మొత్తం పొడవు తీసేస్తే ఈ అంకె వస్తుంది. మొత్తం పొడవు ఒక్కటే చూసేవారికి ఇది ఎప్పటికీ కనిపించదు. అసలు చూడవలసింది దీన్నే, ఎందుకంటే లోపల సీసం పెరిగినకొద్దీ మందు మండే చోటు తగ్గుతుంది. పొడవాటి కేసున్న .38 స్పెషల్‌కు అమెరికా తూటాల ప్రమాణాల సంస్థ సామీ పెట్టిన ఒత్తిడి పరిమితి 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), పొట్టి కేసున్న 9 ఎం.ఎం.కు 35,000. ఇరుకు చోట ఇప్పటికే రెట్టింపు ఒత్తిడితో పనిచేసే తూటాలో చోటు ఇంకాస్త తగ్గితే ఒత్తిడి నిచ్చెన మెట్లలా పెరగదు, ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే రివాల్వర్ మందు లెక్కను గానీ, అదే బరువున్న వేరే బుల్లెట్ లెక్కను గానీ ఎత్తి ఇక్కడ పెట్టకూడదు. ఆ అచ్చు బుల్లెట్‌కే, ఆ లోతుకే పరీక్షించి ప్రచురించిన లెక్క దొరకనప్పుడు ఆ బుల్లెట్‌ను రివాల్వర్‌కే వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

లోతుగా నొక్కడంలో మరో నష్టం ఉంది. 9 ఎం.ఎం. కేసు గోడ అడుగుకు పోయేకొద్దీ మందమవుతుంది. అనుమానం వచ్చి ఒకసారి నేను నింపిన తూటా నుంచే బుల్లెట్‌ను ఊడదీసి కొలిచాను. 0.358తో లోపలికి వెళ్లినది అడుగు భాగంలో 0.355తో బయటికి వచ్చింది. కేసు నడుము దగ్గర వేలికి తగిలేంత ఉబ్బు కూడా వచ్చింది. లావు బుల్లెట్ వేసుకున్నామన్న తృప్తే తప్ప, వాయువులను ఆపవలసిన అడుగును ఇత్తడి ముందే పిండేసింది. కేసు నోటిని ఇంకొంచెం లోతుదాకా వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ వాడితే ఇది చాలావరకు తగ్గుతుంది.

క్రింప్ విషయంలో రెండు ఆయుధాల అవసరాలూ తలకిందులు. రివాల్వర్ తన్నినప్పుడు సిలిండర్‌లో మిగిలిన తూటాల బుల్లెట్లు ముందుకు జారతాయి కాబట్టి కేసు నోటిని గాడిలోకి మడుస్తారు. పిస్టల్‌లో భయం బుల్లెట్ వెనక్కి పోవడం గురించి. మ్యాగజైన్ నుంచి వచ్చే తూటా ముక్కు ఛాంబర్‌లోకి దారి చూపే వాలు, అంటే ఫీడ్ ర్యాంప్‌కు గుద్దుకుంటుంది. పైగా 9 ఎం.ఎం. తూటా ఛాంబర్‌లో ఎంత లోపలికి వెళ్లాలో నిర్ణయించేది కేసు నోటి అంచే. ఆ అంచును గాడిలోకి మడిచేస్తే తూటాకు ఆనిక పోతుంది. నోటి దగ్గర చేసిన వెడల్పును సరిచేసేంతగా నోటిని కొద్దిగా నొక్కే టేపర్ క్రింప్ చాలు.

రివాల్వర్ బుల్లెట్ పిస్టల్‌కు ఎప్పుడూ పనికిరాదని నేను అనడం లేదు. ఒత్తిడి పరిమితి 21,000 పీఎస్ఐ మాత్రమే ఉండి, లోపల చోటు ఎక్కువున్న .45 ఏసీపీ అనే పిస్టల్ తూటాలో 0.452 సెమీ వాడ్‌కట్టర్లు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. స్మిత్ అండ్ వెస్సన్ 1961లో తెచ్చిన మోడల్ 52 పిస్టల్ అయితే కేసు నోటితో సమంగా బిగించిన, ముక్కు బయటికి పొడుచుకురాని .38 స్పెషల్ వాడ్‌కట్టర్ తూటాల కోసమే పుట్టింది. అక్కడ బుల్లెట్‌ను పిస్టల్‌కు సర్దలేదు, పిస్టల్‌నే బుల్లెట్ చుట్టూ కట్టారు. అడుగు బోలుగా ఉండే వాడ్‌కట్టర్లను మాత్రం 9 ఎం.ఎం. ఒత్తిడికి అసలు పెట్టకూడదు. అంచు తెగి బ్యారెల్‌లో మిగిలిపోగలదు.

కాబట్టి ఆ వ్యాసంలోని వాక్యం కింద ఈ సవరణను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను: ‘భుజం దగ్గరి పట్టీ తన పిస్టల్ ఛాంబర్‌లో పడుతుందని బ్యారెల్‌లో వేసి చూసినవారు, బుల్లెట్ కేసులోకి ఎంత దిగుతోందో కొలిచినవారు, ఆ లోతుకు ప్రచురితమైన మందు లెక్క చేతిలో ఉన్నవారు మాత్రమే .38 పోత బుల్లెట్లను 9 ఎం.ఎం. తూటాలలో వాడాలి.’

భవదీయుడు,
మీ పాఠకుడు