గ్యాస్ నిక్షేపాల పైనున్న నేల కుంగుదలపై గనుల శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంచాలకులు గారికి,

గ్యాస్‌ను తోడుతున్న కొద్దీ రాతి రంధ్రాల్లో పీడనం తగ్గి, పైబరువుకు ఆ పొరలు నొక్కుకుపోతాయని, చివరికి నేల కుంగుతుందని తమకు తెలియనిది కాదు. ఆ కుంగుదలను అక్కడక్కడా పాతిన సర్వే రాళ్ల దగ్గరే, అదీ ఏడాదికోసారి కొలిచి ఊరుకుంటే, రాళ్ల మధ్య జరిగేది రికార్డుకెక్కదు.

ఈ లోటును ఉపగ్రహాలు తీర్చగలవు. ఐరోపాకు చెందిన సెంటినెల్-1 ఉపగ్రహం సుమారు 5.6 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల రాడార్ తరంగాన్ని పంపుతుంది. ఒక ఇంటి పైకప్పు నుంచి తిరిగొచ్చిన తరంగపు దశను (అంటే తిరిగొచ్చేసరికి ఆ తరంగం తన ఎగుడుదిగుళ్లలో ఏ స్థానంలో ఉందో దాన్ని), 12 రోజుల తర్వాత అదే పైకప్పు నుంచి వచ్చిన దశతో పోల్చి, అలాంటి చిత్రాలను పదుల సంఖ్యలో కలిపి విశ్లేషిస్తే ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల కదలిక కూడా బయటపడుతుంది. ఈ డేటా అందరికీ ఉచితం. అందుకే దీన్ని వాడకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

అల్జీరియాలోని ఇన్ సలా వద్ద కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలోకి ఎక్కించినప్పుడు నేల ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్లు పైకి లేచిన సంగతి ఇలాగే తెలిసింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో గ్యాస్ వెలికితీత కారణంగా 2012లో 3.6 తీవ్రతతో భూమి కంపించి, ఇళ్ల గోడలు బీటలు వారాయి.

పచ్చని పొలాల మీద సంకేతం చెదిరిపోతుంది కాబట్టి అక్కడ లోహపు ప్రతిఫలకాలు నిలపాలి. బోరుబావుల వల్ల వచ్చే కుంగుదలను వేరుచేసి చూడాలి.

వెలికితీత మొదలవక ముందటి కొలతలతో సహా ఈ పర్యవేక్షణను ప్రతి లైసెన్సులో షరతుగా చేర్చి, ఆ పటాలను పైన నివసించే ప్రజలకు క్రమం తప్పకుండా అందుబాటులో ఉంచవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరుడు