మూడో క్యాలిపర్ కొనకముందు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. బండి ముందు కుడి చక్రానికి బ్రేకు మళ్ళీ పట్టేస్తోందని, డిస్కు మీద ప్యాడ్లని నొక్కే క్యాలిపర్లు రెండు మార్చినా అదే గొడవని రాశావు. మూడోది మాత్రం అప్పుడే కొనకు. ఒక్క పూట ఆ చక్రం దగ్గర కూర్చుని చూశాక కొందువుగాని.

బ్రేకు పెడల్ మీంచి కాలు తీశాక, క్యాలిపర్లో ప్యాడ్లని తోసే పిస్టన్‌ని వెనక్కి లాగడానికి లోపల స్ప్రింగేమీ లేదురా. దాని చుట్టూ ఉండే చదరపు అంచుల రబ్బరు సీలే ఆ పని చేస్తుంది. తొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కొద్దిగా మెలితిరుగుతుంది, వదలగానే తన ఆకారానికి వచ్చేస్తూ పిస్టన్‌ని వెనక్కి తెస్తుంది. అదైనా మిల్లీమీటరులో కొన్ని పదోవంతులే. బ్రేక్ ఆయిల్ వచ్చే లైన్లో కాస్త ఒత్తిడి మిగిలినా, పిస్టన్ మీద కాస్త తుప్పు పట్టినా, ఇక ఆ సీలు వల్ల కాదు. పట్టేసిన బ్రేకు వేడికి అదే సీలు గట్టిపడిపోతుంది, పైన దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు, అంటే బూటు, మాడిపోతుంది. అందుకే విప్పి చూసిన ప్రతిసారీ క్యాలిపరే పాడైనట్టు కనిపిస్తుంది. కొత్తది పెడితే సీలు బిగువుగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళు నడుస్తుంది, ఆ తర్వాత మళ్ళీ మామూలే. అసలు తప్పు చాలాసార్లు నువ్వు మార్చని చోట ఉంటుంది: క్యాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం హోస్‌లోనో, క్యాలిపర్‌ని మోసే బ్రాకెట్‌లోనో, పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ దగ్గరో.

కాబట్టి ముందు తేల్చాల్సింది ఒకటే. ఒత్తిడి నిలిచిపోయి పట్టేస్తోందా, ఇనుము బిగుసుకుని పట్టేస్తోందా? చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే ఏమీ తెలియదు. పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పి, పట్టేసిన స్థితిలోనే తీసుకొచ్చి ఆపు. వెనక చక్రాలకి అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, స్టాండు వేశాకే చెయ్యి పెట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్మకు. డిస్కు కాలుతూ ఉంటుంది, జాగ్రత్త. చక్రం చేత్తో తిప్పితే బిగువుగా ఉందా? అప్పుడు క్యాలిపర్ మీద ఆయిల్‌ని బయటికి వదిలే బ్లీడర్ నిపుల్‌కి సన్నటి గొట్టం తొడిగి, దాని కొస సీసాలో పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని నిపుల్‌ని పావు చుట్టు వదులు చెయ్యి.

ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందంటే ఒత్తిడి ఇరుక్కున్నట్టే, క్యాలిపర్‌ది తప్పు కాదు. ఆయిల్ మెల్లగా కారి, చక్రం అలాగే పట్టుకుని ఉంటే తప్పు పిస్టన్‌లోనో, క్యాలిపర్ జారే పిన్నుల్లోనో, ప్యాడ్లు కూర్చునే చోటో ఉంది.

ఒత్తిడి ఇరుక్కుందనుకో. నిపుల్ బిగించి, పెడల్ తొక్కి మళ్ళీ పట్టించు. ఈసారి బానెట్ ఎత్తి, మాస్టర్ సిలిండర్‌ని కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కి పట్టి ఉంచే రెండు నట్లూ వదులు చేసి, దాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకి జరుపు. చక్రం వదిలేస్తే, మాస్టర్ లోపలి పిస్టన్‌ని తోసే పుష్‌రాడ్‌కి ఉండాల్సిన ఖాళీ లేదన్నమాట. ఆ మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆయిల్ డబ్బాలోకి తిరిగెళ్ళే సన్నటి రంధ్రం మూసుకునే ఉంటోంది. వేడికి ఆయిల్ వ్యాకోచించి, నువ్వు తొక్కకపోయినా బ్రేకు దానంతటదే బిగుస్తుంది. అయితే మాస్టర్ తప్పయితే సాధారణంగా ఒకే చక్రం పట్టదు. రెండు ముందు చక్రాలో, మూలకి మూల లైను ఉన్న బండిలో ముందుదొకటీ ఎదురు మూలన వెనకదొకటీ పడతాయి. నీకు ఒక్క కుడిదే కాబట్టి నా అనుమానం హోస్ మీదే. పరీక్షయ్యాక ఆ నట్లు బిగించడం మర్చిపోకు.

హోస్‌ని తేల్చాలంటే ఇనుప పైపు వచ్చి హోస్‌లో కలిసే చోట యూనియన్ నట్టు వదులు చెయ్యి. మామూలు పానాతో తిప్పితే పాత నట్టు అంచులు అరిగిపోతాయి, నట్టుని చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ పానా వాడు. అక్కడ వదిలినా చక్రం వదలక, నిపుల్ వదిలితేనే వదిలితే హోస్ లోపల మూసుకుపోయింది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుందిరా, లోపలి పొర ఉబ్బి తలుపులా అడ్డం పడుతుంది. కాలి బలంతో ఆయిల్ లోపలికి తోసుకుని వెళ్తుంది, తిరిగొచ్చేటప్పుడు సీలుకున్న కాస్త బలం ఆ తలుపుని తెరవలేదు. హోస్‌ని పట్టుకునే ఇనుప క్లిప్పు కూడా చూడు. దాని కింద పొరలు పొరలుగా తుప్పు పెరిగి రబ్బరుని నొక్కేస్తుంది. వేలితో గీకితే పెచ్చులు రాలతాయి. బ్రేకు తొక్కగానే బండి ముందు ఎడమకి లాగి, వదిలాక కుడికి లాగితే అదీ హోస్ గుర్తే. మార్చేటప్పుడు రెండు వైపులా మార్చు.

ఇనుము వైపు తేలితే ప్యాడ్లు తీసి అరుగుదల చూడు. ఒక ప్యాడ్ ఒక చివర పలచగా, మరో చివర మందంగా ఉంటే ఒక పిన్ను జామయింది. క్యాలిపర్ చాలాసార్లు బ్రాకెట్ లేకుండానే వస్తుంది కాబట్టి పాత బ్రాకెట్టూ, పాత పిన్నులూ అలాగే ఉండిపోయి ఉంటాయి. పిన్ను వేళ్ళతో లాగితే జారి రావాలి. రబ్బరు బుష్ ఉన్న పిన్ను ఏ రంధ్రంలోంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని అందులోకే వెయ్యి, మారిస్తే పట్టేస్తుంది. సిలికాన్ గ్రీజు పలచగా రాయి. మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. ప్యాడ్లు కూర్చునే స్టీలు క్లిప్పులు పీకి, వాటి కింది తుప్పుని ఆకురాయితో లోహం మెరిసేదాకా గీకు. ప్యాడు వేళ్ళతో జరగాలి, సుత్తితో కొట్టి దింపాల్సి వస్తే ఇంకా తుప్పుంది.

పిస్టన్‌ని నిపుల్ తెరిచి నొక్కు. ఆగి ఆగి వెళ్తే బూటు కింద తుప్పుంది. గుంటలు పడ్డ పిస్టన్‌ని ఎమరీతో రుద్దకు, మార్చెయ్యి.

బ్రేక్ ఆయిల్ కూడా చూడు. డబ్బా మూతలోని రబ్బరు ఉబ్బి ఉంటే ఎవరో ఇంజన్ ఆయిల్ లాంటిది పోశారని అర్థం. అప్పుడు లైన్లోని రబ్బరంతా మార్చాల్సిందే. ఉబ్బు లేకపోతే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది పోసి, గాలి పూర్తిగా తీయి. దాని మరుగు స్థాయి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155కి పడిపోవచ్చు. రెండేళ్ళకోసారి మార్చడం అందుకే. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడుగు.

పనయ్యాక మళ్ళీ అంతే దూరం తిప్పి, రెండు ముందు డిస్కుల వేడి దూరం నుంచే కొలిచే థర్మామీటరుతో చూడు. ఎడమా కుడీ దాదాపు ఒకేలా ఉండాలి. నిపుల్ వదిలినప్పుడు చక్రం తిరిగిందా లేదా, అది మటుకు తప్పకుండా రాయి. మిగతాది దాన్నిబట్టి చూద్దాం.

నీ
ప్రసాద్