వాల్యూమ్ కంట్రోల్ కిట్‌లో వేరొక ఐసీ అమర్చి పంపడంపై ఫిర్యాదు

విశాఖపట్నం

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: కిట్‌లో పీజీఏ 2310 బదులు పీజీఏ 2311 ఐసీ రావడం, వారంటీ నిరాకరణ గురించి.

ఆర్యా,

మీ సంస్థ వద్ద ఆన్‌లైన్‌లో కొన్న స్టీరియో ఎలక్ట్రానిక్ వాల్యూమ్ కంట్రోల్ కిట్‌లో, ప్రకటనలోనూ మాన్యువల్‌లోనూ పేర్కొన్న ఐసీకి బదులు వేరొకటి అమర్చి పంపినందువల్ల బోర్డు కాలిపోయిందనీ, దానిని మార్చి ఇవ్వడానికి మీ సేవా విభాగం నిరాకరించిందనీ తెలియజేస్తూ ఈ ఫిర్యాదు పంపుతున్నాను. ఆర్డరు రసీదు, ఫోటోలు, మీ సిబ్బంది పంపిన ఈమెయిళ్ళ ప్రతులు జతచేశాను.

సముద్రపు గాలికి మా ఊళ్ళో మామూలు వాల్యూమ్ పాట్ (తిప్పి ధ్వనిని పెంచే, తగ్గించే భాగం) త్వరగా పాడై, తిప్పినప్పుడల్లా స్పీకర్లు గరగరమంటాయి. పైగా రాత్రివేళ బాగా తగ్గించి వింటే ఎడమ, కుడి చానళ్ళ మధ్య తేడా వస్తుంది. ఈ బాధ లేకుండా, ధ్వనిని +31.5 నుండి −95.5 డెసిబెల్ వరకు అర డెసిబెల్ చొప్పున రెండు చానళ్ళలోనూ ఒకే తీరుగా మార్చగల పీజీఏ రకం ఐసీ (చిప్) ఉన్నందునే మీ కిట్ ఎంచుకున్నాను. అందులోనూ 2310నే కోరుకున్నాను. అది ±15 వోల్టుల సరఫరా మీద పనిచేయగలదు కనుక పెద్ద సిగ్నల్‌ను కూడా క్లిప్ చేయకుండా, అంటే కొనలు తెగి ధ్వని చెడకుండా, పంపగలదు. 2311 అలా కాదు. దాని అనలాగ్ భాగం ±5 వోల్టులకు తయారైనది, 5.5 వోల్టులు దాటకూడదని తయారీదారు డేటాషీట్ స్పష్టంగా చెబుతోంది.

మీరిచ్చిన బోర్డు మీద ఉన్న రెగ్యులేటర్లు 7812, 7912, అంటే ఐసీకి ±12 వోల్టులు ఇచ్చేవి. మాన్యువల్ ప్రకారం బిగించి కరెంటు ఇచ్చాక ఐసీ ముట్టుకోలేనంత వేడెక్కింది, కుడి చానల్ ఔట్‌పుట్‌లో స్పీకర్‌ను కాల్చేయగల డీసీ వోల్టేజీ వచ్చింది. నా ఆంప్లిఫయర్‌లోని రక్షణ రిలే వెంటనే స్పీకర్‌ను వేరుచేసింది కనుక స్పీకర్ కాయిల్ కాలిపోకుండా మిగిలింది. ఆ రిలే లేని ఆంప్లిఫయర్ అయి ఉంటే నష్టం కిట్ ఖరీదును మించిపోయేది. ఐసీ అనలాగ్ సరఫరా పిన్ల వద్ద మల్టీమీటర్‌తో కొలిస్తే ఒకవైపు +11.9, మరోవైపు −12.1 వోల్టులు ఉన్నాయి. అంటే రెగ్యులేటర్లలో లోపం లేదు. అప్పుడు ఐసీ మీద అంటించిన మీ తనిఖీ స్టిక్కర్ తీసి భూతద్దంతో చూడగా, కింద 2311 అనే గుర్తు కనిపించింది. తనిఖీ అయినట్టు చెప్పే స్టిక్కరే తనిఖీ చేయవలసిన అంకెను కప్పివేయడం విడ్డూరం.

మీ సిబ్బంది మొదటి జవాబు, కొనుగోలుదారు సోల్డరింగ్ చేసిన కిట్‌కు వారంటీ వర్తించదని. సోల్డరింగ్ చేసుకొమ్మని అమ్మే వస్తువుకు ఆ షరతు పెడితే వారంటీ అన్నది ఎప్పటికీ అమలుకాదు. అది అలా ఉంచినా, ఈ ఐసీ బోర్డు ఉపరితలం మీద మీ వద్దనే అతికించబడి వచ్చింది. నేను సోల్డర్ చేసినవి ట్రాన్స్‌ఫార్మర్ తీగలు, కెపాసిటర్లు, కనెక్టర్లు, తిప్పే ఎన్‌కోడర్ మాత్రమే. ఐసీ కాళ్ళను నా సోల్డరింగ్ ఐరన్ తాకలేదని ఫోటోలలో మీరే చూడవచ్చు.

రెండవ జవాబు, రెండు ఐసీలూ ఒకటేనని. పదహారు పిన్ల అమరిక ఒకటే, మైక్రోకంట్రోలర్ పంపే ఆదేశాలూ ఒకటే, కానీ తట్టుకునే వోల్టేజీ వేరు. ఈ ఫిర్యాదుకు మూలం ఆ తేడాయే. డిజిటల్ భాగం మీద నాకు ఆక్షేపణ లేదు: కరెంటు పోయి వచ్చినప్పుడు ఐసీ దానంతటదే మ్యూట్‌లో ఉండటం, ఆపైన మీ ప్రోగ్రామ్ ధ్వనిని మెల్లగా పెంచడం బాగానే రూపొందించారు.

కాబట్టి అసలైన పీజీఏ 2310 అమర్చిన కొత్త బోర్డును మీ ఖర్చుతో పంపవలసిందిగా, అది నిల్వలో లేకపోతే రవాణా ఖర్చుతో సహా పూర్తి సొమ్ము వాపసు చేయవలసిందిగా కోరుతున్నాను. రెగ్యులేటర్లను ±5 వోల్టులిచ్చే 7805, 7905లకు మార్చి 2311నే వాడుకొమ్మని మీ సిబ్బంది చేసిన సూచన నాకు సమ్మతం కాదు. నేను డబ్బు చెల్లించింది దానికి కాదు. ఇదే బ్యాచ్ బోర్డులు కొన్నవారికి, కరెంటు ఇచ్చేముందు స్టిక్కర్ తీసి ఐసీ సంఖ్య చూసుకోవాలని తక్షణమే తెలియజేయండి.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించవలసిన బాధ్యత మీపై ఉంది. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఈ పత్రాలతోనే వెళ్తాను. కాలిన బోర్డు నా వద్ద భద్రంగా ఉంది. మీ ప్రతినిధి వచ్చి పరిశీలించవచ్చు, లేదా రసీదు ఇచ్చి తీసుకువెళ్ళవచ్చు.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జతపరచినవి: ఆర్డరు రసీదు, ఐసీ గుర్తు, బోర్డు రెండు వైపుల ఫోటోలు, ఈమెయిళ్ళ ప్రతులు